పరీక్షకు ముందు పరీక్ష: ఒక బోధనా పొలం ఏడాది డైరీ

మొదటి నెల

విశ్వవిద్యాలయ వ్యవసాయ పాఠశాలకు చెందిన బోధనా పొలంలో ఒక ముక్కను దీర్ఘకాలిక ఎరువుల పరీక్షకు కేటాయించినట్లు ఈ నెలలో ఉత్తర్వు చేతికి అందింది. పొడవు 60 మీటర్లు, వెడల్పు 36 మీటర్లు, అంటే 2,160 చదరపు మీటర్లు. అర ఎకరం కంటె కాస్త ఎక్కువ. కంపోస్టు ఒక్కటే, రసాయన ఎరువు ఒక్కటే, రెండూ చెరి సగం, ఏ ఎరువూ లేకుండా అనే నాలుగు పద్ధతులను పక్కపక్క మడులలో పెట్టి ఏళ్ల తరబడి గమనించాలన్నది ఆలోచన. ఈ పంటతోనే ఎరువులు వేసి ఏడాది తిరిగేసరికి ఫలితాలు చూపించాలని విభాగంలో చాలామంది ఆశించారు. నేను ఒక ఏడాది గడువు అడిగాను. ఆ ఏడాదిలో పొలమంతటా ఒకే విత్తనం, ఒకే మోతాదు ఎరువు, ఒకే తీరు సేద్యం చేసి, పంటను మాత్రం చిన్న చిన్న గడులుగా కోసి దేనికది తూచాలన్నాను. దీనికి ఏకరూపతా పరీక్ష అని పేరు.

ఈ మాట విన్న మూడో సంవత్సరం విద్యార్థిని ఒకరు, "తేడా ఏమీ చూపించకుండా ఏడాదంతా ఏం పరీక్షిస్తాం మేడమ్?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆమెకు నేను చెప్పిన ఉదాహరణ పాతది. 1910లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఒక ఎకరం గోధుమ పొలాన్ని, చూడటానికి ఎక్కడా తేడా కనిపించని దాన్ని, 500 చిన్న మడులుగా కోసి విడివిడిగా తూచారు. మర్సర్, హాల్ అనే ఇద్దరు ఆ తూకాలను 1911లో ప్రచురించారు. ఒకే విత్తనం, ఒకే సేద్యం అయినా మడికీ మడికీ దిగుబడి స్పష్టంగా మారింది. అలాంటి పొలంలో ఎడమ పక్క కంపోస్టు, కుడి పక్క రసాయన ఎరువు వేసి, ఎడమ పక్క ఎక్కువ పండిందని ప్రకటిస్తే, ఆ ఎక్కువ కంపోస్టు వల్ల వచ్చిందో, ఆ నేల ఎప్పటినుంచో అలాగే పండుతోందో చెప్పగలిగినవారు ఉండరు. మా పొలం గురించి మాకు తెలిసింది అంతకంటె తక్కువ. పాత దస్తావేజులలో సర్వే నంబరు తప్ప ఈ ముక్కలో ఏ పంటలు వేశారన్న వివరం ఒక్క పేజీ కూడా దొరకలేదు.

చివరికి గడువు ఇచ్చారు, కాస్త అయిష్టంగానే.

రెండో నెల

ఈ నెలంతా కొలతలకే సరిపోయింది. పొలానికి నాలుగు మూలలు పెట్టడం చిన్న పని అనుకున్న విద్యార్థులకు మొదటి రోజే పాఠం దొరికింది. టేపుతో నాలుగు పక్కలూ 60, 36, 60, 36 మీటర్లు సరిగ్గా వచ్చాయి; కర్ణాలు కొలిస్తే ఒకటి రెండో దానికంటె జానెడు పొడవుగా తేలింది. నాలుగు పక్కలూ సరైన కొలతలో ఉన్నంత మాత్రాన దీర్ఘచతురస్రం కాదు, పక్కకు ఒరిగిన చట్రమూ అదే కొలతలు ఇస్తుంది. ఒక మూలలో 3 మీటర్లు, 4 మీటర్లు, 5 మీటర్ల తాడు త్రిభుజంతో లంబకోణం పట్టి, మళ్లీ మొదటినుంచి కొయ్య మేకులు దిగగొట్టాము. 60, 36 మీటర్ల భుజాలకు కర్ణం 69.97 మీటర్లు రావాలి. మూడో ప్రయత్నంలో రెండు కర్ణాలూ అరచేతి మందం తేడాలోకి వచ్చాయి, అక్కడితో ఆగాము.

తరువాత పొలాన్ని 3 మీటర్ల పక్కలు గల గడులుగా విభజించాము. పడమటి నుంచి తూర్పుకు 20 నిలువు వరుసలు, ఉత్తరం నుంచి దక్షిణానికి 12 అడ్డు వరుసలు, మొత్తం 240 గడులు. ఒక్కో గడి 9 చదరపు మీటర్లు. ఈ పరిమాణం ఎంచుకోవడానికి కారణం ఉంది. మొక్కజొన్నను సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు ఎడంతో వేస్తే, 3 మీటర్లలో సరిగ్గా 5 సాళ్లు, ఒక్కో సాలులో 15 మొక్కలు పడతాయి. గడికి 75, పొలమంతటికీ 18,000. గడుల అంచు సాళ్ల మధ్యలో పడేలా మొదటి సాలును అంచు నుంచి 30 సెంటీమీటర్ల లోపలికి వేయాలని కాగితం మీదే తేల్చుకున్నాము. ఇది మరచిపోతే అంచు మీద పడిన సాలు ఏ గడికి చెందుతుందో కోత రోజున వాదులాడుకోవలసి వచ్చేది.

మట్టి నమూనాలకు గడి గడికీ వెళ్లే స్తోమత లేదు. రెండు గడుల పొడవు, రెండు గడుల వెడల్పు కలిపి ఒక నమూనా చొప్పున 60 నమూనాలు తీశాము. పైనున్న ఆకులు, చెత్త పక్కకు తోసి, పారతో 15 సెంటీమీటర్ల లోతున వీ ఆకారంలో గుంట తీసి, గుంట గోడ వెంట రెండు సెంటీమీటర్ల మందాన మట్టి పెచ్చు చెక్కి, ఒక్కో నమూనాకు అయిదు చోట్ల మట్టిని బకెట్లో కలిపి, గుడ్డ మీద పరచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించాము. ఆరబెట్టింది నీడలో. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా అని ఒక విద్యార్థి రెండు నమూనాలను మేడ మీదికి తీసుకెళ్లాడు. ఎండ వేడికి కొన్ని పోషకాల లభ్యత మారిపోతుందని చెప్పి వాటిని పారబోసి మళ్లీ తీయించాను.

ప్రయోగశాలకు చేరకముందే చేతికి తెలిసిన సంగతి ఒకటి ఉంది. పడమటి చివరి మట్టిని తడిపి ముద్ద చేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీస్తే రెండు సెంటీమీటర్లు కూడా రాకముందే తెగిపోయింది. అదే పని తూర్పు చివరి మట్టితో చేస్తే పట్టీ అయిదు సెంటీమీటర్లు దాటి వేలాడింది. అయిదు దాటితే బంకమట్టి కింద లెక్క. అరవై మీటర్ల దూరంలో గరప నేల బంక నేలగా మారిపోతోంది, అదీ కంటికి కనిపించకుండా. ఈ ఒక్క సంగతి చివరి నెలలో పనికి వచ్చింది, అక్కడ రాస్తాను.

మూడో నెల

విత్తనం వేశాము. పాదుకు రెండు గింజల చొప్పున వేసి, మొలిచాక పన్నెండో రోజున బలమైన మొక్కను ఉంచి రెండోదాన్ని తీసేశాము. ఎరువు అన్ని గడులకూ ఒకే మోతాదు, ఒకే రోజు. చుట్టూ రక్షణగా ఉత్తర, దక్షిణ పక్కల అయిదేసి సాళ్లు, తూర్పు, పడమరలలో మూడేసి మీటర్లు అదనంగా విత్తి, వాటిని లెక్కలోంచి తప్పించాము. అంచు మొక్కకు గాలి, వెలుతురు ఎక్కువ అందుతాయి, దాని దిగుబడిని లోపలి మొక్క దిగుబడితో పోల్చరాదు.

నాలుగో నెల

కత్తెర పురుగు వచ్చింది. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో, 2018లో ఆసియాలో కనిపించి అతి త్వరగా పాకిపోయింది. మొక్క సుడిలో రంపపు పొట్టులా రెట్ట కనిపిస్తే సుడి విప్పి చూడాలి. తల మీద తలకిందులైన వై గుర్తు, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్లటి చుక్కలు ఉంటే అనుమానం అక్కరలేదు. విద్యార్థులు మొదటి పురుగును తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంలో ఆ చుక్కలు చూసిన సంబరం అరగంట సాగింది. తరువాత అసలు చిక్కు ఎదురైంది.

పురుగు ఈశాన్య మూలలో ఎక్కువగా ఉంది. మామూలు రైతు అయితే ఆ మూలకే మందు కొట్టి ఊరుకుంటాడు, అది తెలివైన పనే. ఏకరూపతా పరీక్షలో ఆ వెసులుబాటు లేదు. ఒక మూలకు మందు కొడితే అక్కడ సేద్యం వేరైపోతుంది, మందు కొట్టకపోతే పురుగు తిన్న తేడా నేల తేడాగా నమోదవుతుంది. 240 గడులకూ ఒకే రోజున మందు కొట్టాము. దానికి తోడు ప్రతి గడిలో పాడైన మొక్కలను, నిలిచిన మొక్కలను లెక్కపెట్టి రాసుకున్నాము. ఈ లెక్కకు నలుగురు విద్యార్థులకు రెండు రోజులు పట్టింది, వారిలో ఒకరికి మొక్కజొన్న ఆకుల అంచులు కోసి చేతుల నిండా గీతలు పడ్డాయి. పొడవు చేతుల చొక్కా వేసుకు రమ్మని చెప్పడం నేనే మరచిపోయాను.

ఈ నెలలోనే మూడు రోజులు వరుసగా వాన పడింది. వాన వెలిసిన మర్నాడు పొలం మధ్యలో, కాస్త ఏటవాలుగా ఉత్తరం నుంచి దక్షిణానికి, ఒక పట్టీ మేర నీళ్లు నిలిచాయి. మరో వారానికి ఆ పట్టీలోని మొక్కల కింది ఆకులు కొన నుంచి మధ్య ఈనె వెంట లోపలికి పసుపెక్కాయి. నత్రజని చాలనప్పుడు మొక్కజొన్న చూపించే గుర్తు ఇదే. అయితే ఆ మొక్కలకు మిగతావాటితో సమానంగానే ఎరువు అందింది. నీరు నిలిచిన చోట వేరుకు గాలి ఆడదు, మట్టిలో ఉన్న నత్రజని కొంత వాయువుగా మారి పోతుంది, ఉన్నదాన్ని తీసుకునే శక్తి కూడా వేరుకు తగ్గుతుంది. పట్టీలో ఇనుప చువ్వ గుచ్చితే ఇరవై సెంటీమీటర్ల దగ్గర రాయికి తగిలినట్లు ఆగింది. పక్క గడిలో అదే చువ్వ అదే ఒత్తిడికి మోచేతి లోతు దిగింది. నేల గట్టితనాన్ని ఒత్తిడి లెక్కన చూపించే పెనెట్రోమీటర్ తెచ్చి కొలిస్తే పట్టీ అడుగున 2 మెగాపాస్కల్స్ దాటింది. ఆ హద్దు దాటిన గట్టితనంలో చాలా పంటల వేళ్లు చొచ్చుకుపోలేవు. ఏదో ఒకప్పుడు అక్కడ బండ్లో ట్రాక్టర్లో తిరిగిన బాట ఉండి ఉంటుందని రాసిపెట్టుకున్నాను.

ఆరో నెల

అయిదో నెలలో పూత, పీచు సక్రమంగా వచ్చాయి, రాయదగినది ఏమీ లేదు. కోత ఈ నెలలో.

ముందు రోజు సాయంత్రం 240 సంచులకు నంబర్లు రాసి, అడ్డు వరుస, నిలువు వరుస రెండూ కనిపించేలా చీటీలు కట్టాము. బాల్‌పెన్‌తో రాశాము. తెల్లవారుజామున మంచుకు తడిసిన కండెలు సంచుల్లో పడ్డాక మధ్యాహ్నానికి పది పన్నెండు చీటీల మీద సిరా చెదిరిపోయింది. చాలావాటిని ఒత్తి రాసిన గాడిని బట్టి చదవగలిగాము. రెండు సంచుల చీటీలు మాత్రం పూర్తిగా పోయాయి. మిగిలిన 238 నంబర్లనూ జాబితాలో కొట్టివేస్తే ఏ రెండు గడులు మిగిలాయో తెలిసింది, ఏ సంచి ఏ గడిదో మాత్రం తెలియలేదు.

ఒక విద్యార్థి మంచి ఉపాయమే చెప్పాడు. నాలుగో నెల లెక్కల ప్రకారం ఆ రెండు గడులలో ఒకదానిలో నిండుగా 75 మొక్కలు నిలిచాయి, రెండోదానిలో పురుగు దెబ్బకు కొన్ని పోయాయి. కండెలు లెక్కపెడితే ఎక్కువ ఉన్న సంచి మొదటి గడిది అవుతుంది కదా అన్నాడు. బహుశా అతని మాటే నిజం. అయినా ఆ రెండు గడులనూ ఖాళీగానే వదిలేయించాను. మొక్కలు తక్కువైన చోట ఒక్కో మొక్కకు రెండు కండెలు రావచ్చు. అప్పుడు మన ఊహను కొలతగా రాసుకున్నట్లవుతుంది, ఆ తరువాత దాన్ని ఎవరూ విడదీయలేరు. ఇకనుంచి ప్రతి సంచిలో పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి లోపల, ఒకటి బయట ఉండాలని నియమం పెట్టుకున్నాము. పెన్సిల్ రాత నీళ్లకు చెదరదు.

ఏడో నెల

తూకాల పట్టిక చేతికి వచ్చిన రోజున గణాంకాల తరగతి తీసుకునే సహోద్యోగి దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, "ఇవి తూచినవి కావు, సర్దినవి" అన్నారు. ఆయన చూసింది చివరి అంకెను. కోత రోజున కండెలను 50 గ్రాముల గీతలున్న వేలాడే స్ప్రింగు త్రాసుతో తూచారు. గీతల మధ్య ముల్లు ఆగితే 10 గ్రాముల వరకు అంచనా వేసి రాయమని చెప్పాము. 238 తూకాలలో పదుల గ్రాముల స్థానంలో సున్న నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ ఇంచుమించు సమానంగా రావాలి. సున్నా అయిదూ కలిసి 48 సార్లు వస్తే సరిపోతుంది. మాకు వందకు పైగా వచ్చాయి. ఎవరూ మోసం చేయలేదు, ముల్లు గీతకు దగ్గరగా ఉంటే కన్ను దాన్ని గీత మీదకే లాగుతుంది.

ఈ చిన్న సర్దుబాటు వల్ల పోయేదేమిటని అడిగినవారికి ఒక లెక్క చూపించాను. గడి 9 చదరపు మీటర్లు, హెక్టారు 10,000. గడిలో 100 గ్రాములు తప్పు తూచితే హెక్టారుకు 111 కిలోలు తప్పు చెప్పినట్లు. కొన్ని ఎరువుల పరీక్షలలో రెండు పద్ధతుల మధ్య తేడాయే అంత ఉంటుంది.

కాబట్టి అన్ని సంచులనూ ఒలిచి, గింజలను ఎలక్ట్రానిక్ త్రాసు మీద మళ్లీ తూచాము. ఒలవడానికి పది రోజులు పట్టింది, ఈలోగా గింజలు ఆరుతూ పోయాయి, మొదట ఒలిచిన సంచి, చివర ఒలిచిన సంచి ఒకే తేమలో లేవు. ప్రతి సంచి నుంచి గింజలు తీసి తేమ మీటరులో పెట్టి, తూకాలన్నిటినీ 15 శాతం తేమకు సవరించాము. సూత్రం సులువు: తూకాన్ని, నూరులోంచి తేమ శాతం తీసివేయగా వచ్చిన సంఖ్యతో గుణించి, 85తో భాగించాలి. 22 శాతం తేమతో 6 కిలోలు తూగిన గింజలు 15 శాతం దగ్గర 5.5 కిలోలే. సవరించకుండా వదిలేసి ఉంటే మా పటంలో నేల సారానికి బదులు ఒలిచిన క్రమం కనిపించేది.

ఇక్కడొక మాట. ఒలిచే పది రోజులూ విద్యార్థులు నన్ను తిట్టుకున్నారని తెలుసు. ఆ తిట్లలో కొన్ని కిటికీలోంచి వినిపించాయి కూడా.

ఎనిమిదో నెల

పటం గీశాము. 240 గడుల కాగితం మీద దిగుబడిని అయిదు రంగులుగా నింపితే, ఏకరీతిగా కనిపించిన పొలం చచ్చౌకాల దుప్పటిలా తేలింది. మూడు సంగతులు వెంటనే కనిపించాయి. మొదటిది, పడమర నుంచి తూర్పుకు దిగుబడి మెల్లగా పెరుగుతూ పోయింది; చేతిలో పట్టీ సాగిన తీరు, సేంద్రియ కర్బనం అంకెలు, దిగుబడి మూడూ ఒకే దారి పట్టాయి. రెండోది, వాన నీరు నిలిచిన పట్టీ 9, 10, 11 నిలువు వరుసలలో లేత రంగుతో పైనుంచి కిందిదాకా దిగింది. ఈ రెండూ ఊహించినవే.

మూడోది ఊహించనిది. ఆగ్నేయ మూలలో ఆరేడు గడులు చుట్టుపక్కల గడులకంటె ఎంతో ముదురు రంగులో ఉన్నాయి. మట్టి పరీక్ష కాగితాలు తిరగేస్తే ఆ మూల రెండు నమూనాలలో లభ్య భాస్వరం మిగతా పొలం కంటె చాలా ఎక్కువ. త్రాసు తప్పేమోనని మొదట అనుమానించాము, మళ్లీ తూచాము, మారలేదు.

చాలా ఏళ్ల క్రితం ఇదే పొలంలో పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు పాఠశాలకు అప్పుడప్పుడు వస్తుంటారు. ఆయనకు పటం చూపించకుండా, ఏ ప్రశ్నా ముందుగా చెప్పకుండా, పొలం గట్టు మీద నిలబెట్టి, "ఇక్కడ మునుపు ఏముండేది తాతా?" అని విద్యార్థులు అడిగారు. ఆయన చేతికర్ర ఎత్తి నేరుగా ఆగ్నేయ మూలకు చూపించారు. "అక్కడ పశువుల పాక ఉండేది. పెంటదిబ్బ దాని పక్కనే. ఎత్తినంత ఎత్తగా మిగిలింది అక్కడే ఇంకిపోయిందమ్మా" అన్నారు. తరువాత కర్రను పొలం మధ్యకు తిప్పి, "బండిబాట ఇలా పోయేది, పాక తీసేశాక అటు తిరగడం మానేశాము" అన్నారు. ఆయన గాలిలో గీసిన గీత మా పటంలోని లేత పట్టీ మీద, దాని ఏటవాలుతో సహా, సరిగ్గా కూర్చుంది.

పశువుల ఎరువులోని నత్రజని ఏళ్లు గడిచేకొద్దీ నీటితో పోతుంది, గాలిలో కలుస్తుంది. భాస్వరం మట్టి రేణువులను అంటిపెట్టుకుని దశాబ్దాలు కదలదు. అందుకే పాత ఊళ్లు, పశువుల దొడ్లు ఎక్కడ ఉండేవో వెతికే పురాతత్వవేత్తలు కూడా మట్టిలో భాస్వరం కొలుస్తారు. కంపోస్టు వల్ల ఏం జరుగుతుందో చూడబోతున్న మా పొలంలో ఒక మూల కంపోస్టు పరీక్ష మాకు తెలియకుండానే పూర్తయి ఉంది. ఏడాది ఆగకుండా మొదలుపెట్టి, ఆ మూలలో కంపోస్టు మడి పడి ఉంటే, పాత పెంటదిబ్బ ఘనతను మా కంపోస్టు ఖాతాలో రాసుకునేవాళ్లం.

తొమ్మిదో, పదో నెలలు

ఈ రెండు నెలల్లో రెండు పనులు సమాంతరంగా సాగాయి.

మొదటిది మడి పరిమాణం తేల్చడం. పక్కపక్క గడులను రెండేసి, మూడేసి, నాలుగేసి కలుపుతూ పోయి, కలిపిన ప్రతిసారీ హెచ్చుతగ్గులు ఎంత తగ్గాయో చూడాలి. ఫెయిర్‌ఫీల్డ్ స్మిత్ అనే గణాంకవేత్త 1938లో చూపించిన సూత్రం ఇక్కడ పనిచేస్తుంది. మడి పెద్దదయ్యేకొద్దీ చదరపు మీటరు లెక్కన విచలనం తగ్గుతుంది, ఎంత వేగంగా తగ్గుతుందన్నది ఒక ఘాతాంకం చెబుతుంది. అది 1కి దగ్గరైతే పక్కపక్క గడులకు పోలిక లేదని అర్థం, మడిని పెంచినకొద్దీ లాభం. సున్నకు దగ్గరైతే పక్కపక్క గడులు ఒకే అచ్చు, మడిని పెంచి లాభం లేదు, మడుల సంఖ్య పెంచుకోవాలి. మాది నడుమ ఎక్కడో తేలింది. పన్నెండు గడుల మడి దాటాక రేఖ చదునుగా పోవడం మొదలైంది. 240ని 12తో భాగిస్తే 20 మడులు. నాలుగు పద్ధతులు, ఒక్కోదానికి అయిదు మడులు.

రెండో పని కంపోస్టు. కోసిన మొక్కజొన్న చొప్పనే దానికి వాడాము. మొదటి కుప్ప పూర్తిగా విఫలమైంది. వారం గడిచినా లోపలి ఉష్ణోగ్రత గాలి కంటె మూడు నాలుగు డిగ్రీలే ఎక్కువ చూపించింది. చొప్పను నిలువునా పేర్చారు, ముక్కలు చేయలేదు. పచ్చి పేడ పాలు తక్కువ. ఎండిన చొప్పలో కర్బనం, నత్రజని నిష్పత్తి 60కి 1 ప్రాంతంలో ఉంటుంది, సూక్ష్మజీవులకు 25 నుంచి 30కి 1 కావాలి. కుప్ప విప్పి, చొప్పను వేలెడు ముక్కలుగా నరికి, పేడ, పచ్చి గడ్డి పెంచి, పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడితో మళ్లీ పేర్చాము. మూడో రోజుకు థర్మామీటరు 60 డిగ్రీలు దాటింది. 55 డిగ్రీలకు పైన పదిహేను రోజులు నిలబెట్టి, ఆ వ్యవధిలో అయిదుసార్లు తిరగేస్తే కలుపు గింజలు, రోగకారకాలు చాలావరకు చస్తాయి. తిరగేయడానికి విప్పిన ప్రతిసారీ లోపలి నుంచి ఆవిరి లేచేది. ఏకరూపతా పరీక్షతో విసిగిన విద్యార్థులు కూడా ఆ ఆవిరి చూడటానికి పొద్దున్నే వచ్చేవారు.

పదకొండో నెల

ఒక కబురు కలవరపెట్టింది. పొలం దక్షిణపు గట్టు అవతల వాహనాల కోసం ఎత్తయిన షెడ్డు కట్టే ప్రతిపాదన ఉందట. దాని నీడ ఏడాదిలో కొన్ని నెలలు కింది వరుస మడుల మీద పడుతుంది. నేను రాసిన లేఖలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం సంగతి ఉదహరించాను. అక్కడ 1876లో మొదలైన మారో ప్లాట్స్ అనే మొక్కజొన్న మడులు ఉన్నాయి. వాటి పక్కన గ్రంథాలయం కట్టవలసి వచ్చినప్పుడు, మడుల మీద నీడ పడకుండా భవనాన్ని భూగర్భంలో కట్టారు. అది 1969లో తెరుచుకుంది. మా షెడ్డును భూమిలోకి దించమని నేను అడగలేదు, ఇరవై అడుగులు పక్కకు జరపమన్నాను. జవాబు ఇంకా రాలేదు.

పన్నెండో నెల

మడుల అమరిక పూర్తయింది. సారం పడమర నుంచి తూర్పుకు మారుతోంది కాబట్టి, పొలాన్ని అదే దిశలో అయిదు బ్లాకులుగా కోశాము. ఒక్కో బ్లాకు నాలుగు నిలువు వరుసలు, అంటే 12 మీటర్ల వెడల్పు. బ్లాకులో ఉత్తరం నుంచి దక్షిణానికి నాలుగు మడులు, ఒక్కోటి 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. మడి పొడవు సారం మారే దిశలోనే ఉండటం వల్ల ఒకే బ్లాకులోని నాలుగు మడులకూ బలహీన నేల, బలమైన నేల ఒకే పాలులో పడతాయి. బ్లాకుకూ బ్లాకుకూ ఉన్న తేడాను లెక్కలో విడిగా తీసివేయవచ్చు. బండిబాట 9, 10, 11 వరుసలలో ఉంది. మూడో బ్లాకు 9 నుంచి 12. బాట మొత్తం ఒకే బ్లాకులో, నాలుగు మడులనూ ఇంచుమించు సమానంగా కోస్తూ పోవడం మా తెలివి వల్ల జరగలేదు, అదృష్టం. పెంటదిబ్బ మూల అలా కుదరలేదు. అది అయిదో బ్లాకులో ఒక్క మడిలోనే పడింది. ఆ మడిని తీసేయాలా అన్న చర్చ రెండు సమావేశాలు నడిచింది. ఉంచాలనే నిర్ణయించాము. ప్రతి మడికీ ఈ ఏడాది దిగుబడి మా చేతిలో ఉంది కాబట్టి, రాబోయే ఏళ్ల దిగుబడిని దానితో సవరించి చూసే సహవిచలన విశ్లేషణకు వీలుంది. ఈ ఏడాది తూకాలు అన్నిటికంటె ఎక్కువగా ఉపయోగపడబోయేది అక్కడే.

ఏ మడికి ఏ పద్ధతి అన్నది చీటీలు తీసి తేల్చాము. కంప్యూటరుతో చేయవచ్చు, కానీ విద్యార్థుల చేత తీయించడానికి ఒక కారణం ఉంది. జాన్ బెన్నెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ 1843లో రోథామ్‌స్టెడ్‌లో మొదలుపెట్టిన బ్రాడ్‌బాక్ గోధుమ పరీక్ష నేటికీ నడుస్తోంది. అయినా అందులో ఒక్కో ఎరువుకు ఒక్కటే పట్టీ, యాదృచ్ఛిక కేటాయింపు లేదు. ఆ అవసరాన్ని వివరించిన గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ అదే కేంద్రానికి 1919లో గాని రాలేదు. మంచి మడిని మనకు ఇష్టమైన పద్ధతికి ఇచ్చుకునే బుద్ధి ఎంత మర్యాదస్తుడికైనా ఉంటుంది. నాలుగో బ్లాకు చీటీలు తీసేటప్పుడు, కంపోస్టు కుప్ప దగ్గర రోజూ ఉష్ణోగ్రత రాసిన అమ్మాయి ముఖం చూసి ఆ సంగతి ఆమెకు వేరే చెప్పనక్కరలేకపోయింది. పెంటదిబ్బ మడి ఏ ఎరువూ లేని పద్ధతికి పడింది. అందరూ నవ్వారు.

చివరి పని నిన్న చేశాము. రోథామ్‌స్టెడ్ భాండాగారంలో 1843 నుంచి దాచిన మట్టి, పంట నమూనాలు మూడు లక్షలకు పైగా ఉన్నాయి; లాస్, గిల్బర్ట్ దాచిన మట్టిని వారు ఊహించని పరీక్షలకు ఇప్పుడు వాడుతున్నారు. మాకు ఒక బీరువా ఇచ్చారు. 20 మడుల నుంచి ఎరువు పడకముందే మట్టి తీసి, నీడలో ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, గాజు సీసాలలో నింపి, మూతల చుట్టూ మైనం పోశాము. ప్రతి సీసాలో ఒక చీటీ, సీసా మీద ఒక చీటీ, రెండూ పెన్సిల్‌తో రాసినవి. రేపు పొద్దున కంపోస్టు బండి పొలంలోకి వెళుతుంది. పాత బాట మీదుగా కాకుండా గట్టు వెంట.